కథలు పొయ్యిలో, డబ్బు ఒడిలో

పోయిన వేసవిలో బాబాయీ పిన్నీ వచ్చి మా ఇంట్లో రెండు నెలలు ఉన్నారు. మేముండేది బోస్టన్‌కు పడమటి వైపు. అక్కడినుంచి కాంకర్డ్ ఊరు కారులో అరగంట. బాబాయి కవి. మూడు సంపుటాలు అచ్చయ్యాయి. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా రచయితలు ఎమర్సన్ ఇల్లూ, థోరో గుడిసె వేసుకున్న చెరువూ చూడకుండా తిరుగు విమానం ఎక్కడం ఆయనవల్ల కాదు. ఒక శనివారం ముగ్గురం బయలుదేరాం. దారిలోనే కదా అని ఆర్చర్డ్ హౌస్ దగ్గర కూడా ఆపాను. 'లిటిల్ విమెన్' రాసిన లూయీసా మే ఆల్కాట్ ఉన్న ఇల్లు అది.

మేడమీద ఆమె గదిలో, రెండు కిటికీల మధ్య గోడకు బిగించిన అర్ధచంద్రాకారపు బల్ల ఒకటుంది. తండ్రి బ్రాన్సన్ చేసిపెట్టాడు. మన పెద్ద చేటకంటే కాస్త పెద్దది, అంతే. మోచేతులు రెండూ ఆనించి కూర్చుంటే ఇక సిరాబుడ్డికి చోటుండదేమో అనిపించింది. 1868 వేసవిలో ఆ నవల మొదటి భాగం రాసింది ఆ బల్లమీదే. ఆడపిల్లల కోసం ఒక పుస్తకం రాసిపెట్టమని ప్రచురణకర్త అడిగాడని, ఈమెకు ఇష్టం లేకపోయినా ఇంటి అవసరాలు చూసి ఒప్పుకుందని, అక్కడ చూపించే ఆవిడ చెప్పింది. బాబాయి తల పంకిస్తూ విన్నాడు. విని, నాతో మెల్లగా అన్నాడు: "పాపం! డబ్బు కోసం రాయాల్సి వచ్చిందన్నమాట."

మిగతా ఇల్లంతా నేను సరిగ్గా చూడలేదు. ఆ "పాపం" నా వెంటే తిరిగింది.

బాబాయిది ఒక్కడి మాట కాదు కాబట్టి అంత పట్టించుకున్నాను. "డబ్బు కోసం రాసింది" అనేది మనవాళ్లలో తిట్టు కాకపోయినా తిట్టుకు దగ్గరి చుట్టం. మా అమ్మ తరం ఆడవాళ్లు వారం వారం కాచుకుని చదివిన సీరియల్ నవలలను పెద్దలు "కాలక్షేపం" అన్న ఒక్క మాటతో మూటగట్టి అటకమీద పడేశారు. రాసినవాళ్లకు పారితోషికం ముట్టిందన్నదే వాటిమీద సగం నేరారోపణ. మరోపక్క కవి తన చేతి డబ్బు పెట్టి పుస్తకం వేయించుకుంటాడు, హాలు అద్దె కట్టి ఆవిష్కరణ జరిపించుకుంటాడు, వచ్చినవాళ్లకు ప్రతులు ఊరికే పంచుతాడు, మిగిలిన కట్టలు మంచం కింద చేరతాయి. అప్పుడు ఎవరూ పాపం అనరు. నిజానికి అనవలసింది అక్కడే.

లూయీసా రోజుచీటీలు, అంటే డైరీలు, ఉత్తరాలు నేను కొన్నేళ్లుగా అడపాదడపా చదువుతున్నాను. సంవత్సరం చివర ఆమె తన సంపాదన లెక్క రాసుకునేది. ఏ కథకు ఎంత, ఏ పత్రిక ఎంత ఇచ్చింది, అందులో అమ్మకు శాలువాకు ఎంత పోయింది. మొదట్లో ఆ లెక్కలు దాటేసి "సాహిత్య" విషయాలు వెతుక్కునేదాన్ని. ఇప్పుడు నాకు ఆ లెక్కలే ముఖ్యమనిపిస్తాయి. డబ్బు ఆమె రచనకు పట్టిన చీడ కాదు, ఆమె రచన మొలిచిన నేల అని నా అభిప్రాయం. ఈ అభిప్రాయానికి అడ్డం వచ్చే సంగతులు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని దాచను.

బెలూన్‌లో మనిషి

ముందు బ్రాన్సన్ గురించి చెప్పాలి. ఆయనను తిట్టడం చాలా సులువు. నేను కూడా ఒకప్పుడు తెగ తిట్టుకున్నాను. కానీ మనిషి చిన్నవాడు కాదు. పిల్లలను కొట్టి చదివించే రోజుల్లో వాళ్లతో మాట్లాడుతూ చదువు చెప్పాలని 1834లో బోస్టన్‌లో బడి పెట్టాడు. బైబిలు మీద పిల్లలతో జరిపిన సంభాషణలు అచ్చువేస్తే ఊరు మండిపడింది, బడి చితికిపోయింది. ఆ తర్వాత నడిపిన చిన్న బడిలో ఒక నల్లజాతి చిన్నారిని చేర్చుకున్నాడు. తీసేయమని తల్లిదండ్రులు పట్టుబట్టారు. తీయనన్నాడు. 1839లో అదీ మూతపడింది. ఆ "తీయను" అన్న ఒక్క మాటకు ఆయనకు దండం పెట్టవచ్చు.

అయితే దండం పెట్టినంత మాత్రాన పొయ్యి వెలగదు. ఆ బడి తర్వాత ఆయన దాదాపు ఇరవై ఏళ్లు నికరమైన సంపాదన లేకుండా గడిపాడు. 1843లో మిత్రుడు చార్లెస్ లేన్‌తో కలిసి ఫ్రూట్‌లాండ్స్ అనే ఆశ్రమం లాంటి పొలం మొదలుపెట్టాడు. మాంసం వద్దు, పాలు వద్దు. గొర్రెది కాబట్టి ఉన్ని వద్దు, బానిసలు పండించింది కాబట్టి పత్తి వద్దు. మసాచుసెట్స్ చలిలో నార బట్టలు, చన్నీటి స్నానాలు. లూయీసాకు అప్పటికి పదేళ్లు. కోతకు వచ్చిన పంట చేలో ఉండగా పురుషులు ఏదో ధర్మప్రబోధానికి వెళ్లారని, గాలివాన కమ్ముకొస్తుంటే తల్లీ పిల్లలూ దుప్పట్లలో ధాన్యం మోసుకొచ్చి లోపల వేశారని ముప్పై ఏళ్ల తర్వాత ఆమె నవ్వుతూ రాసింది. ఏడు నెలలకు ఆ స్వర్గం ముగిసింది. 1844 జనవరిలో ఇల్లు ఖాళీ చేశారు.

నాకు ఇంతకంటే బాధ కలిగించే సంగతి మరొకటి ఉంది. 1854 ఫిబ్రవరిలో బ్రాన్సన్ పడమటి రాష్ట్రాల్లో ఉపన్యాసాలిచ్చి ఒక రాత్రి ఇంటికి చేరాడు. చలికి వణుకుతున్నాడు, ఆకలిమీద ఉన్నాడు. ఆడవాళ్లందరూ లేచి వేడి చేసి పెట్టారు. డబ్బు సంగతి అడగాలని అందరికీ ఉంది, ఎవరికీ నోరు రావడం లేదు. చివరికి చిన్నది మే అడిగేసింది: నాన్నా, వాళ్లు డబ్బులిచ్చారా? ఆయన సంచీ తెరిచి ఒక్క డాలరు చూపించాడు. కోటు ఎవరో దొంగిలించారని, శాలువా కొనుక్కోవలసి వచ్చిందని, దారి పడింది కాబట్టి వచ్చే ఏడు బాగుంటుందని అన్నాడు. తల్లి ఆయనను ముద్దు పెట్టుకుని, క్షేమంగా వచ్చారు, అదే పదివేలు అన్నట్టు మాట్లాడింది. లూయీసా ఇదంతా రోజుచీటీలో రాసుకుంది, నిజమైన ప్రేమ అంటే ఏమిటో ఆ రాత్రి ఒక చిన్న పాఠం నేర్చుకున్నానని.

ఇరవై ఒక్క ఏళ్ల పిల్ల అలా రాసుకుంది. ఆ పాఠంలో రెండో పేజీ కూడా ఆమె చదివిందని నా అనుమానం. ముద్దు పెట్టుకోవడం ఎంత గొప్పదైనా, మర్నాడు కిరాణా కొట్టువాడి ముందు నిలబడేది ఆ ముద్దు పెట్టుకున్న మనిషే. తత్త్వవేత్త అంటే ఎవరని తర్వాత ఎవరో అడిగితే లూయీసా చెప్పిన నిర్వచనం ప్రసిద్ధం: బెలూన్ ఎక్కి పైకి పోయిన మనిషి, ఆయన్ని నేలకు దింపాలని తాళ్లు పట్టుకు లాగుతున్న ఇంటివాళ్లూ స్నేహితులూ.

ఈ నిర్వచనం ఆ రోజు కారులో చెప్పాను. పిన్ని ముప్పై మూడేళ్లు ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరైంది. బాబాయి సంపుటాలు మూడూ అచ్చయింది ఆమె జీతంలోంచే. పిన్ని చాలాసేపు నవ్వింది. బాబాయి కిటికీలోంచి చెట్లు చూశాడు.

కాంకర్డ్ పెద్దమనుషుల కిరాణా ఖాతా

డబ్బు ప్రసక్తి రాగానే ఆడమనిషి రచన కాస్త మైలపడినట్టు మాట్లాడతాం కాబట్టి, ఆ ఊళ్లోనే ఉన్న మగ మహానుభావుల అన్నం ఎక్కడినుంచి వచ్చేదో చూడటం న్యాయం.

ఎమర్సన్‌కు చనిపోయిన మొదటి భార్య ఎలెన్ ఆస్తిలో వాటా వచ్చింది. దానిమీద ఉపన్యాసాల రాబడి. ఆత్మవిశ్వాసం గురించి ఆయన రాసిన వాక్యాల కింద ఆ ఆస్తి పునాదిరాయిలా ఉంది. మంచివాడు, ఆల్కాట్ కుటుంబాన్ని ఎన్నోసార్లు ఆదుకున్నాడు, అది వేరు. థోరో ఇంట్లో పెన్సిళ్ల తయారీ ఉంది. ఆయన కూడా ఆ పని చేశాడు, చాలా బాగా చేశాడు. నవలాకారుడు హాతార్న్ సేలం రేవులో సుంకాల కచ్చేరీలో ఉద్యోగం చేశాడు, తర్వాత లివర్‌పూల్‌లో అమెరికా కాన్సల్‌గా వెళ్లాడు. ఆల్కాట్‌లు కాంకర్డ్‌లో అంతకుముందు ఉన్న ఇంటిని 1852లో కొన్నది కూడా హాతార్నే. లూయీసా చిన్నప్పుడు అక్కచెల్లెళ్లతో నాటకాలాడిన ఇల్లు అది.

ఆ హాతార్న్ 1855లో లివర్‌పూల్ నుంచి తన ప్రచురణకర్తకు ఉత్తరం రాస్తూ, అమెరికా అంతా ఇప్పుడు గీకుడు ఆడవాళ్ల పాడు మూక చేతిలో పడిపోయింది అని విసుక్కున్నాడు. వాళ్ల చెత్తకే జనం ఎగబడుతుంటే తనకు గెలుపు ఎక్కడిదని ఆయన బాధ. ఆ బాధ నాకు అర్థం కాకపోలేదు. తన పుస్తకం పదిమంది కొంటుంటే పక్కవారిది వేలల్లో పోతుంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ గమ్మత్తు చూడండి. ఆ ఉత్తరం రాసేనాటికి ఆయన సర్కారు జీతం మీద ఉన్నాడు. ఆ రోజుల్లో ఆడవాళ్లకు కాన్సల్ ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. సుంకాల కచ్చేరీలో కుర్చీ వేయరు. వాళ్లకున్న కచ్చేరీ ఆ పత్రికలే.

లూయీసా అన్నీ చేసి చూసింది. కుట్టుపని చేసింది, పిల్లలకు చదువు చెప్పింది. 1851లో డెడమ్ అనే ఊళ్లో ఒక ఇంట్లో సహాయకురాలిగా చేరింది. పుస్తకాలు చదివి వినిపించడం, తేలిక పని అన్నారు. ఆ పెద్దమనిషి గదిలో కూర్చుని ఆయన కబుర్లు వినడానికి ఈమె ఒప్పుకోకపోయేసరికి బండచాకిరీ మీద వేశారు. ఏడు వారాలకు చేతిలో పెట్టింది నాలుగు డాలర్లు. ఇంట్లోవాళ్లు మండిపడి ఆ నాలుగూ తిప్పి పంపేశారు. ఆ అనుభవాన్ని రాసి చూపిస్తే బోస్టన్ ప్రచురణకర్త జేమ్స్ ఫీల్డ్స్, "పంతులమ్మ పనే చేసుకోండి, మీకు రాయడం రాదు" అన్నాడు. తర్వాత కొన్నేళ్లకు ఆయనే చిన్నపిల్లల బడి పెట్టుకోమని నలభై డాలర్లు అప్పిచ్చాడు. బడి నడవలేదు. 'లిటిల్ విమెన్' వచ్చాక ఆ నలభై డాలర్లూ ఆయనకు తిరిగి ఇచ్చేసింది, బడికంటే రాతే గిట్టుబాటుగా ఉందని చెప్పి. అప్పు తీర్చడంలో ఇంత రుచి ఉంటుందని నాకు ముందు తెలియదు.

కవెంట్రీ వారి కిరాణా

ఇక నా వాదానికి ఆయువుపట్టు. 'లిటిల్ విమెన్' మార్చ్ ఇంటి నలుగురు అక్కచెల్లెళ్ల కథ. రెండో భాగంలో వాళ్లలో రాతపిచ్చి ఉన్న జో పత్రికలకు హత్యలు, శాపాలు, మారువేషాల కథలు రాస్తుంది. ఒక కథకు వంద డాలర్ల బహుమతి వస్తే చెల్లెలు బెత్‌నూ తల్లినీ సముద్రతీరానికి పంపుతుంది. అక్కడ లూయీసా ఒక వాక్యం రాసింది. నాకు ఆ నవలలో అన్నిటికంటే ఇష్టమైన వాక్యం అదే. 'డ్యూకు కూతురు' కసాయి బాకీ తీర్చింది, 'దయ్యపు చెయ్యి' కొత్త తివాచీ పరిచింది, 'కవెంట్రీ వారి శాపం' మార్చ్ వారికి కిరాణా సరుకులై, గౌనులై వరమైంది అని.

తర్వాత జో న్యూయార్కు వెళ్తుంది. ప్రొఫెసర్ బేర్ పరిచయమవుతాడు. అలాంటి కథలు పిల్లల చేతికి తుపాకిమందు ఇచ్చినట్టని ఆయన అంటాడు, జోను అనకపోయినా జోకు తగులుతుంది. గదిలోకి వెళ్లి మూడు నెలల కథల కట్టంతా పొయ్యిలో కుక్కేస్తుంది. చదివిన ప్రతివారికీ గుర్తుండే ఘట్టం. ఆ తర్వాతి వాక్యం మాత్రం చాలామంది గుర్తుపెట్టుకోరు. అంతా కాలి, బూడిద కుప్పా ఒడిలో డబ్బూ మిగులుతాయి. ఈ డబ్బును ఏంచేయాలని జో నేలమీద కూర్చుని ఆలోచిస్తుంది. ఇప్పటికి పెద్దగా చెడిపోయిందేమీ లేదులే, నా సమయానికి కూలిగా ఇది ఉంచుకోవచ్చు అనుకుంటుంది.

కథలు కాల్చింది. డబ్బు ఉంచుకుంది. లూయీసాను ఇంత దగ్గరగా చూపించే చోటు ఆమె ఉత్తరాల్లో కూడా నాకు కనబడలేదు.

అంతకంటే చిత్రం ఇంకొకటి. ఆ కవెంట్రీలు కల్పితం కాదు. అంటే, కల్పితమే, కానీ నిజంగా అచ్చయిన కల్పితం. 1866లో 'ది ఫ్లాగ్ ఆఫ్ అవర్ యూనియన్' అనే పత్రికలో 'బిహైండ్ ఎ మాస్క్' అన్న కథ వచ్చింది. రచయిత పేరు ఎ. ఎం. బర్నార్డ్. జీన్ మ్యూర్ అనే పంతులమ్మ ఒక సంపన్నుల ఇంట్లో చేరుతుంది. అందరిముందూ పందొమ్మిదేళ్ల అమాయకపు పిల్ల. రాత్రి గదిలోకి వెళ్లి తలుపు గడియ పెట్టుకుని పెట్టుడు జుట్టూ పెట్టుడు పళ్లూ తీసేస్తే కనబడేది ముప్పై ఏళ్ల అలసిన నటి. ఇంటి కుర్రాళ్లనిద్దరినీ ఆడించి, చివరికి బిరుదున్న ముసలాయనను పెళ్లాడి గెలుస్తుంది. శిక్ష పడదు. ఆ ఇంటిపేరు కవెంట్రీ.

బర్నార్డ్ అంటే లూయీసాయే. ఈ సంగతి లోకానికి తెలిసింది 1943లో, లియోనా రోస్టెన్‌బర్గ్ అనే పరిశోధకురాలు హార్వర్డ్ గ్రంథాలయంలో ఆ పత్రిక వాళ్లు లూయీసాకు రాసిన ఉత్తరాలు బయటపెట్టినప్పుడు. ఆమె స్నేహితురాలు మాడెలీన్ స్టెర్న్ 1975లో ఆ కథలను పుస్తకంగా తెచ్చింది. అంటే, 1869లో అమెరికా తల్లులు తమ కూతుళ్లకు కొనిచ్చిన నీతిమంతమైన నవలలో లూయీసా తన దొంగ కథ ఇంటిపేరును పట్టపగలు పెట్టి, కిరాణా జాబితాలో దాచింది. డెబ్భై నాలుగేళ్లు ఎవరూ పట్టుకోలేదు. బేర్ ముందు తలవంచిన జోను చూసి లూయీసా తలవంచిందనుకునేవాళ్లకు నా జవాబు ఇదే. తలవంచిన మనిషి అలా కన్నుగీటదు.

ఆ కథలు ఆమె ఎందుకు రాసిందంటే డబ్బుకే. దాచుకోలేదు కూడా. నెత్తుటి కథలు రాయడం తేలిక, నీతి గ్రంథాలకంటే బాగా చెల్లిస్తారని 1862లో ఒక కుర్ర స్నేహితుడికి ఉత్తరంలో రాసింది. కానీ డబ్బుకు రాసిన ఆ కథల్లోనే ఆమె కోపం, నటనా పిచ్చి, ఆడమనిషి బతుకంతా ఒక వేషం అన్న ఎరుక ఒలికాయి. "కళ కోసం" రాసిన నవల 'మూడ్స్'. ఏళ్ల తరబడి చెక్కింది, 1864 చివర అచ్చు వేయించింది, 1882లో మళ్లీ దిద్దింది. దాన్ని నేను రెండుసార్లు మొదలుపెట్టాను. ఒక్కసారి పూర్తి చేశాను. ప్రేమ గురించి అందరూ చాలా ఉన్నతంగా మాట్లాడుకుంటారు, ఎవరికీ ఆకలి వేయదు. 'లిటిల్ విమెన్' మొదటి వాక్యంలోనే ఈ ఏడు క్రిస్మస్‌కు కానుకలు లేవన్న గొణుగుడు ఉంటుంది, రెండో వాక్యంలో బీదతనం. తలా ఒక డాలరు ఉంది, దాంతో ఏం కొనుక్కోవాలన్నది మొదటి అధ్యాయపు సమస్య. ప్రచురణకర్త నైల్స్ అడిగితే అయిష్టంగా మొదలుపెట్టింది. మొదటి పన్నెండు అధ్యాయాలు ఆయనకూ చప్పగా అనిపించాయి, ఈమెకూ చప్పగానే అనిపించాయి. ఇద్దరూ పొరబడ్డారు. చేతిలో డాలరు ఉన్న నలుగురు ఆడపిల్లలు ఎంత ఆసక్తికరమో, ఆ డాలరు మీద బతికిన మనిషికే తెలియలేదు.

ఇక్కడ నా నమ్మకం తడబడుతుంది

వాదం ఇంత సాఫీగా ఉంటే నాకే అనుమానం వస్తుంది. డబ్బు ఆమెనుంచి ఏమీ తీసుకోలేదా? తీసుకుంది.

మొదటిది జో పెళ్లి. మొదటి భాగం వచ్చాక పాఠకురాళ్ల ఉత్తరాలు కుప్పతెప్పలుగా వచ్చాయి, ఎవరు ఎవరిని పెళ్లాడతారని. ఆడదాని బతుక్కి అదొక్కటే గమ్యమన్నట్టు అడుగుతున్నారు, ఎవరినో సంతోషపెట్టడానికి జోను పక్కింటి కుర్రాడు లారీకి ఇచ్చి చేయను అని రోజుచీటీలో రాసుకుంది. జో పెళ్లి లేని రచయిత్రిగానే ఉండిపోవాలన్నది ఆమె కోరిక. ఆ మాట చెప్పే ధైర్యం చాలక, చిలిపితనం కొద్దీ ఒక తమాషా సంబంధం కుదిర్చానని స్నేహితురాలికి ఉత్తరం రాసింది. గడ్డం ప్రొఫెసర్ అలా వచ్చాడు. ఇది అమ్మకాల బలవంతం కాదని నేను అనలేను. పదమూడేళ్ల వయసులో ఆ పెళ్లి చదివి పుస్తకం మూసి గోడకేసి కొట్టాను. ఇప్పుడు చదివితే, పాఠకుల కోరిక తీరుస్తూనే వాళ్లను ఏడిపించిన తీరుకు నవ్వొస్తుంది. అయినా జో కలం పక్కన పెట్టి బడి పిల్లల ఆలనాపాలనలో పడే చివరి పేజీలు నాకు ఇప్పటికీ మింగుడుపడవు.

రెండోది, ఆ తర్వాతి పుస్తకాలు. అక్క భర్త 1870లో చనిపోయాడు. లూయీసా అప్పుడు ఇటలీలో ఉంది. ఆ పిల్లలకు ఇక తానే తండ్రినని, వాళ్ల కోసం 'లిటిల్ మెన్' రాసింది. ఇలా ఒక్కో పుస్తకం వెనక ఒక్కో బాధ్యత. పిల్లలకు నీతి గంజి వండివార్చి విసుగెత్తిందని ఆమే రాసుకుంది. ఆ గంజి కొన్నిచోట్ల నిజంగానే పలచన. 1886లో వచ్చిన 'జోస్ బాయ్స్' చివర, భూకంపం వచ్చి ఈ బడీ ఊరూ అంతా భూమిలోకి దిగిపోతే బాగుండునని, ఏ తవ్వకాల పండితుడికీ ఆనవాలు దొరకకూడదని కథకురాలు సరదాగా అంటుంది. నాకు అది సరదాగా వినబడదు.

మూడోది శరీరం. అంతర్యుద్ధంలో జార్జ్‌టౌన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి టైఫాయిడ్ తెచ్చుకుంది. దానికి వాడిన పాదరసపు మందు తనను జీవితాంతం పీడించిందని ఆమె నమ్మకం. లూపస్ కావచ్చని ఈ మధ్య వైద్యులు ఊహించారు. ఏదైతేనేం, అలాంటి ఒంటితో రోజుకు పద్నాలుగు గంటలు రాసింది. కుడిచేతి బొటనవేలు పట్టేస్తే ఎడమచేత్తో రాయడం నేర్చుకుంది. 1872లో రాసుకున్న మాటలు ఇవి: ఈ కుటుంబాన్ని ఒకరి దయమీద ఆధారపడకుండా చేయాలని ఇరవై ఏళ్ల కిందట అనుకున్నాను. నలభయ్యో ఏట అది అయింది. అప్పులన్నీ తీరాయి, కాలదోషం పట్టినవి కూడా. నా ఆరోగ్యం దీనికి ఖర్చయిందేమో.

"కాలదోషం పట్టినవి కూడా" అన్నచోట నేను ప్రతిసారీ ఆగుతాను. కోర్టులో ఇక ఎవరూ అడగలేని అప్పులు. తండ్రి మరిచిపోయినవి. ఆమె మరిచిపోలేదు. ఇది గర్వమా, భయమా, ఒక జబ్బా? నాకు తేలలేదు. అప్పులు తీరిన తర్వాత కూడా ఆమె ఆగలేకపోయింది చూడండి, అది మాత్రం నా వాదానికి సాయపడదు. స్వేచ్ఛ కోసం సంపాదించిన మనిషి ఆ స్వేచ్ఛతో మళ్లీ బల్ల దగ్గరే కూర్చుంది.

కానీ ఆ డబ్బు చేసిన పనులు కూడా చూడాలి. చెల్లెలు మే చిత్రకళ నేర్చుకోవడానికి యూరప్ వెళ్లింది, 1877లో ఆమె చిత్రం పారిస్ సలోన్ అనే పేరున్న చిత్రప్రదర్శనలో వేలాడింది. ఖర్చు అక్కది. థోరో కుటుంబం ఉండిన ఇంటిని పెద్దక్క ఆనా కోసం కొన్నది లూయీసా డబ్బుతోనే. మే కాన్పు తర్వాత చనిపోతే, ఆ పసిబిడ్డ సముద్రం దాటి వచ్చింది పెద్దమ్మ లూయీసా దగ్గరికే. తండ్రి ఎనభయ్యో ఏట, ఇంటి పక్కనే ఆయన కలలుగన్న తత్త్వశాస్త్ర పాఠశాల మొదలైంది. బెలూన్ అలాగే గాలిలో ఉంది. దాన్ని పట్టుకున్న తాళ్లు రాయల్టీతో పేనినవి.

కాపీరైటు అమ్ముకోకుండా ఉంచుకోమన్నది నైల్స్ సలహా. ఆమె విన్నది. ఆ నిర్ణయం లేకపోతే ఇదేదీ లేదు. 1887లో, చనిపోవడానికి ఏడాది ముందు, పెళ్లి చేసుకోని లూయీసా అక్క ఆనా ఎదిగిన కొడుకు జాన్‌ను చట్టప్రకారం దత్తత తీసుకుంది. వంశం కోసం కాదు. తన తదనంతరం కాపీరైట్లు పొడిగించుకునే హక్కు అప్పటి చట్టంలో సంతానానికి ఉండేది కాబట్టి. మన పురాణాల్లో పుత్రుడు పున్నామనరకం తప్పించడానికి, ఇక్కడ పుస్తకాలు చేజారకుండా కాయడానికి. తండ్రి పోయిన రెండు రోజులకు, 1888 మార్చి 6న ఆమె పోయింది. యాభై ఐదేళ్లు.

బాబాయికి ఇదంతా ఒక్కసారిగా చెప్పలేదు. చెబితే వాదులాటవుతుంది, ఆయన అతిథి. తిరుగు ప్రయాణంలో ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాను. చెరువు దగ్గర బాగా నడిచాడేమో, కాసేపటికి వెనక సీట్లో కళ్లు మూసుకున్నాడు. పిన్ని నా పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ అనలేదు. రోడ్డు పక్క పెట్రోలు బంకు దాటాక అడిగింది.

"ఆ నాలుగు డాలర్లూ తిప్పి పంపేశారన్నావే, ఎందుకమ్మా పంపడం?"

"తక్కువ ఇచ్చి అవమానించారని, పిన్నీ."

"అవమానం సంగతి సరే. ఏడు వారాలు చేసింది కదా ఆ పిల్ల. ఉంచుకోవాల్సింది."

జో ఒడిలో మిగిలిన డబ్బు సంగతి అప్పుడు చెప్పాను.

"ఉంచుకుందా? మంచిపని చేసింది" అంది పిన్ని. వెనక్కి తిరిగి బాబాయి మెడ వాలిపోకుండా తన శాలువా మడిచి తలకింద పెట్టింది.